ఏ రఫ్ అండీ?

పోయిన వారం మా వీధి తలుపులకి పాలిష్ పెట్టించాను. వడ్రంగి పొద్దున్నే వచ్చి, తలుపు రెక్కని వసారాలో రెండు పీటల మీద పడుకోబెట్టి ఉప్పుకాగితం పట్టడం మొదలుపెట్టాడు. కర్ర్... కర్ర్... ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, పళ్ళ చిగుళ్ళలోంచి లోపలికి దిగుతుంది. టేకు పొడి ముక్కులోకి పోయి రెండుసార్లు తుమ్మాను. "ఇంకా రఫ్‌గానే ఉందమ్మా. ఒకసారి చెయ్యేసి చూడండి" అన్నాడు. చెయ్యి వేశాను. గరుగ్గా ఉంది, నిజమే. "రఫ్‌గా ఉంటే ఏమైందయ్యా? తలుపు తలుపు కాకుండా పోతుందా?" అని కసిరాను. యాభై ఏళ్ళ మనిషి, పాపం, చేతిలో కాగితం అలాగే పట్టుకుని బిత్తరపోయి చూశాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుందని అతనికేం తెలుసు?

నాకా మాట నేర్పిన మనిషి పేరు కరుణమ్మ. డెబ్బైల మధ్యలో తిరువూరులో మేం చదివిన హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. తెల్ల నేత చీర, కాళ్ళకి మగవాళ్ళ తోలుచెప్పులు, కొంచెం బొంగురు గొంతు. పెళ్ళి చేసుకోలేదు. ఆమె తండ్రి రెడ్డిగూడెం వైపు పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పుకుంటూ సైకిలు మీద తిరిగినవాడట. స్టాఫ్ రూములో మిగతా సార్లకి ఆమె మీద ఒక జోకు ఉండేది: "పేరు కరుణ, మనిషి రఫ్." ఆ జోకు ఆమె ముందే వేసేవాళ్ళు. ఆమె చాక్‌పీసు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయేది. లెక్కల సారు మా అరచేతుల మీద ఏటా డజను బెత్తాలు విరగ్గొట్టేవాడు. ఆయన్ని ఊరంతా "స్ట్రిక్టు" అనేది. కరుణమ్మ టీచరు నా కళ్ళెదుట ఏ పిల్ల మీదా, ఏ పిల్లాడి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆమె మాత్రం "రఫ్". ఈ లెక్క ఎక్కడ కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు. అర్థం కాదని అనకూడదు. బాగానే అర్థమవుతుంది, అందుకే మంట.

మా నాన్న నెమలి అనే ఊరికి వెళ్ళే రోడ్డు పక్క ఒక మామిడితోటలో కాపలా ఉండేవాడు. మా గుడిసె కూడా ఆ తోటలోనే. నేనూ, తమ్ముడూ, చెల్లీ అక్కడే పుట్టాం. ఆదివారం చర్చికీ, మిగతా రోజులు బడికీ తప్ప ఆ తోట కంచె దాటి పెద్దగా బయటికి వచ్చింది లేదు. ఆ తోట ఆసామే మా స్కూలు కమిటీకి ప్రెసిడెంటు. ఆయన కూతురు శారద నా క్లాసే. మొదటి బెంచీలో ఆమె, చివరి బెంచీలో నేను. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతులు కొన్ని ఉంటాయి.

తొమ్మిదో తరగతిలో మొదటిసారి కరుణమ్మ టీచరు నన్ను లేపి పాఠం చదవమంది. తుపానులో చిక్కిన పడవ గురించి పాఠం. సముద్రం ఎలా ఉందో చెప్పే వాక్యం దగ్గర ఆ మాట వచ్చింది. ఆర్, ఓ, యు, జి, హెచ్. కూడబలుక్కుని "రౌగ్" అన్నాను. క్లాసు గొల్లుమంది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వినోళ్ళందరూ లేవండి" అంది టీచరు.

ముప్పై మంది దాకా లేచారు. శారద కూడా.

"చివర జి, హెచ్ ఉన్నాయి. 'ఫ' ఎక్కడి నించొచ్చింది? చెప్పండి."

ఎవరూ చెప్పలేదు.

"నాకూ తెలీదు. ఇంగ్లీషోడి ఇష్టం వాడిది. ఇందులో ఈ పిల్ల తప్పేంటి? కళ్ళకి కనబడింది కనబడినట్టు చదివింది. మీకు ఇంట్లో ఎవరో ముందే చెప్పారు కాబట్టి తెలుసు. అంతే తేడా. కనబడింది చెప్పినోళ్ళని చూసి నవ్వకండి. సిగ్గుండాలి."

ఆ రోజు పాఠం ముందుకి సాగలేదు. గంట కొట్టేదాకా ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. "సముద్రం రఫ్ అంటే ఏంటి? నీళ్ళు గరుగ్గా ఉంటాయా?" అని అడిగింది. కాదండి, అల్లకల్లోలంగా ఉంటాయి అన్నారెవరో. బోర్డు మీద రాసింది. మైలవరం రోడ్డు రఫ్ అంటే? గతుకులు. అదీ రాసింది. గొంతు రఫ్ అయితే బొంగురు. "నా గొంతు లాగా" అంది, నవ్వకుండా. ఇంటికి ఎంత కలప పడుతుందో మేస్త్రి రఫ్‌గా చెబితే అది ఉజ్జాయింపు. లెక్క చేసే కాగితం రఫ్ అయితే చిత్తు. మనిషి రఫ్ అయితే మోటు. పోలీసు రఫ్ అయితే దురుసు, దౌర్జన్యం. బోర్డు నిండిపోయింది. "ఇంగ్లీషోడు పాపం ఒక్క మాటతో ఇన్ని చోట్ల నెట్టుకొస్తాడు. మనకి ఒక్కో చోట ఒక్కో మాట ఉంది. ఏ చోట ఏదో తెలుసుకోవాలి. ఎవరైనా మీ గురించి ఇలాంటి మాట వాడితే ఊరికే తలొంచుకోకండి. ఏ అర్థంలో అన్నావయ్యా అని అడగండి. సగం మంది దగ్గర సమాధానం ఉండదు."

ఆ తరవాత నన్ను చివరి బెంచీలోంచి రెండో బెంచీలోకి మార్చింది. "కళ్ళు కనబడట్లేదు దీనికి" అని కారణం చెప్పింది. నా కళ్ళు నిక్షేపంలా ఉండేవి.

నాకు ఉన్నది ఒకటే నోటు పుస్తకం. ప్రతి సబ్జెక్టుకీ ఒక రఫ్ నోటు, ఒక ఫెయిర్ నోటు ఉండాలని స్కూల్లో రూలు. ఫెయిర్ నోటు లేనివాళ్ళని సైన్సు సారు వరండాలో నిలబెట్టేవాడు. నేను ఏడాదిలో సగం సైన్సు వరండాలోంచే విన్నాను. కరుణమ్మ టీచరు మాత్రం ఫెయిర్ నోటు అడిగేది కాదు. "ఫెయిర్ నోటు ఇన్‌స్పెక్టరు కోసం. రఫ్ నోటు మీ కోసం. కొట్టివేతలు లేని నోటు నాకు చూపించకండి, ఆలోచించలేదని అర్థం" అనేది. నా చిత్తు నోటులోనే ఎర్రసిరాతో దిద్దేది. ఒక్కోసారి నేను రాసిన దానికంటే ఆమె రాసింది ఎక్కువ ఉండేది.

పదో తరగతిలో ఉండగా జిల్లా మొత్తానికి ఇంగ్లీషు వ్యాసాల పోటీ వచ్చింది. ఇంటి దగ్గర రాసి స్కూలు ద్వారా పంపాలి. గెలిచిన పిల్లకి బెజవాడలో ఇంటర్మీడియట్ సీటు, రెండేళ్ళు హాస్టలు. 'నాకు ఇష్టమైన మనిషి' అన్నది విషయం. నా వైపు చూసి "నువ్వు రాస్తున్నావు" అంది టీచరు. అడగలేదు, చెప్పింది.

మా నాన్న గురించి రాశాను. మొదటిసారి రాసింది చదివి, నోటు నా చేతిలో పెట్టేసింది.

"'మా నాన్న మంచివాడు, కష్టపడతాడు.' ఎవరి నాన్న కాదు? ఇది ఏ నాన్న గురించైనా రాయొచ్చు. మీ నాన్న గురించి రాయి."

"ఏం రాయాలండి?"

"ఆయన చెయ్యి ఎలా ఉంటది?"

"గరుగ్గా ఉంటదండి. తల నిమిరితే వెంట్రుకలు పట్టుకుంటాయి. అందుకని చెయ్యి తిరగేసి, వెనక వైపుతో నిమురుతాడు."

టీచరు ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టేసింది. తరవాత ఆ బొంగురు గొంతుతోనే, "ఇంతసేపూ ఇది ఎక్కడ దాచావే?" అంది. ఆ వ్యాసం నాలుగుసార్లు తిరగరాయించింది. నాలుగోసారి ఎర్రసిరాతో ఏమీ దిద్దలేదు. కింద తారీఖు వేసి సంతకం మాత్రం పెట్టింది.

వ్యాసాలు పంపాల్సిన వారం ఆమె పరీక్షల డ్యూటీ మీద నూజివీడు వెళ్ళింది. హెడ్మాస్టరుగారు నన్ను గదికి పిలిచి, నోటు చూసి, "కోడి గెలికినట్టుందేంటే నీ రాత! శారద దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఆ అమ్మాయి చేత ఫెయిర్ చేయించి పంపుదాం" అన్నాడు. నా రాత బాగుండదన్నది నిజం. నాకు సంతోషమే అయింది. శారద రెండు రోజుల్లో నోటు తిరిగి ఇచ్చేసింది. "చాలా బాగా రాశావు సువార్తా" అంది కూడా. ఆ పిల్ల మీద నాకు అప్పుడూ పెద్దగా కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఫెయిర్ చేయమన్నారు, చేసింది. కింద ఎవరి పేరు పెట్టాలో పెద్దవాళ్ళు చెప్పారు, పెట్టింది. పెద్దవాళ్ళు చెప్పింది చేయడం తప్పని ఆమెకి ఎవరు నేర్పారు కనక?

మూడు నెలల తరవాత స్కూలు వార్షికోత్సవం. సాయంత్రం నాలుగింటికి, గ్రౌండులో షామియానా వేశారు. మా స్కూలుకి జిల్లా మొదటి బహుమతి వచ్చిందని హెడ్మాస్టరుగారు మైకులో చెప్పారు. బహుమతి పొందిన విద్యార్థిని కుమారి శారద అన్నారు. నాకు వెంటనే తలకెక్కలేదు. ఆ పిల్ల కూడా వేరే వ్యాసం రాసిందేమో అనుకున్నాను. శారద పట్టు పరికిణీలో స్టేజి ఎక్కి, కాగితం విప్పి, ఊరివాళ్ళ కోసం ఒక్కో వాక్యం తెలుగులో కూడా చెబుతూ చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం నాది. రెండో వాక్యం నాది. నేల మీద పిల్లల మధ్య కూర్చుని నా గుడిసె, నా తోట, మా అమ్మ పొయ్యి, అన్నీ మైకులోంచి నాకే వినబడుతుంటే చేతికందిన గడ్డి పీకుతూ ఉండిపోయాను. తండ్రి చెయ్యి రఫ్‌గా ఉంటుందన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి శారద గొంతు తడబడింది. ఆ పిల్లకి అప్పుడు తట్టినట్టుంది, తన తండ్రి తన వెనకే కుర్చీలో కూర్చుని ఉన్నాడని. అయినా చదివేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటుగారు జేబురుమాలుతో కళ్ళు కూడా అద్దుకున్నాడు.

అప్పుడు కరుణమ్మ టీచరు స్టాఫు కుర్చీల్లోంచి లేచింది. నెమ్మదిగా నడిచి స్టేజి ముందు నిలబడింది.

"అయ్యా, చిన్న మనవండి. మీ అరచెయ్యి ఒకసారి చూపిస్తారా?"

ఆయనకి అర్థం కాలేదు. ఏదో అభిమానంతో అడుగుతోందనుకున్నాడు కాబోలు, నవ్వుతూ చెయ్యి ఎత్తాడు, ఆశీర్వదించినట్టు. మెత్తటి చెయ్యి. మూడు వేళ్ళకి ఉంగరాలు.

టీచరు పిల్లల వైపు తిరిగింది. "చూశారా? ఇదండీ, తల నిమిరితే వెంట్రుకలు పట్టుకునే చెయ్యి."

ఎక్కడో చివర ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, స్కూలంతా నవ్వింది. గోడవతల నిలబడి చూస్తున్న ఊరివాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఏడుస్తూ నవ్వాను. ఆ నవ్వే ఆమెని ముంచింది. ఆమె మామూలుగా ఫిర్యాదు రాసి ఉంటే ఎక్కడో సొరుగులో పడి ఉండేది. నలుగురిలో నవ్విన నవ్వుని మాత్రం పెద్దమనుషులు మరిచిపోరు.

మర్నాడు మధ్యాహ్నం నాన్నని ఆసామి ఇంటికి పిలిపించారు. నాన్న తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, గుడిసె ముందు కూర్చున్నాడు. "ఏవన్నారు?" అని అడిగింది అమ్మ.

"ఏవన్లా. మీ పిల్ల బాగా చదువుద్దంటగా అన్నారు."

"ఇంకా?"

"ఈ కాపు అయ్యాక తోటలోకి కొత్తోళ్ళని పెడదావనుకుంటన్నా అన్నారు."

అంతే. నాన్న నన్ను ఏం చెప్పమనీ అనలేదు, ఏం చెప్పొద్దనీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళుగా ఆయన మీద కోపం పెట్టుకుని బతికేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

తన మీద స్కూలు కమిటీ ఫిర్యాదు పెట్టిందనీ, బందరు నుంచి ఆఫీసరు విచారణకి వస్తున్నాడనీ టీచరు నన్ను వరండాలో ఆపి చెప్పింది. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. నీ నోటు పట్టుకురా చాలు. అందులో నా సంతకం ఉంది, తారీఖు ఉంది. మిగతాది నేను చూసుకుంటా." నేను తలూపాను.

విచారణ రోజు పొద్దున అమ్మ బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. నేను నోటు తీసి, అట్ట చింపి, కాగితాలు ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టాను. అమ్మ పెట్టలేదు, నాన్న పెట్టలేదు. నేనే. ఎర్రసిరా ముందు నల్లగా మారి, తరవాత కాగితంతో పాటు ముడుచుకుపోయింది. పొయ్యి ముందే కూర్చుని చివరి కాగితం దాకా చూశాను. అమ్మ వచ్చి "ఏంటే ఇంత బూడిద?" అంది. చితుకులు అన్నాను.

హెడ్మాస్టరుగారి గదిలో ఆఫీసరు, హెడ్మాస్టరు, కరుణమ్మ టీచరు, తలుపు దగ్గర నేను. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. "భయపడకమ్మా, ఉన్నది చెప్పు. ఆ వ్యాసం ఎవరు రాశారు?" అని మెల్లగానే అడిగాడు. ఆయన గదమాయించి ఉంటే ఏడ్చేసి నిజం చెప్పేదాన్నేమో.

"శారద రాసిందండి. నేను చూసి రాసుకున్నానండి."

"మరి నీ రఫ్ నోటు?"

"పోయిందండి."

టీచరు నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ రోజు క్లాసులో 'ఫ ఎక్కడి నించొచ్చింది' అని అడిగి, సమాధానం కోసం చూసినట్టు చూసింది. తరవాత ఆఫీసరు వైపు తిరిగి, "ఆ పిల్లని పంపేయండి. తనని ఇంకేం అడగొద్దు" అంది. నన్ను బయటికి పంపారు గాని తలుపు వెయ్యలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని నేను అంతా విన్నాను. హెడ్మాస్టరు ఒక కాగితం చదివాడు. సదరు ఉపాధ్యాయిని పెద్దల పట్ల, తోటి ఉపాధ్యాయుల పట్ల, విద్యార్థుల పట్ల రఫ్‌గా ప్రవర్తించును, అని.

"సంతకం పెట్టండమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఏ రఫ్ అండీ?" అంది టీచరు.

"అంటే?"

"ఆ మాటకి చాలా అర్థాలున్నాయండి. మోటు ఉంది, దురుసు ఉంది, చిత్తు ఉంది, గరుకు ఉంది. నా గురించి ఏ అర్థంలో రాశారో చెబితే సంతకం పెడతా. ఇరవై నలుగురు స్టాఫు ఉన్నారు. వాళ్ళలో పిల్లల్ని కొట్టని మనిషిని నేనొక్కదాన్నే. మరి ఏ రఫ్?"

"చూశారా సార్! ఇదే, ఇదే మేం చెప్పేది" అన్నాడు హెడ్మాస్టరు.

సమాధానం మాత్రం ఎవరూ చెప్పలేదు. సంతకం లేకుండానే ఆ కాగితం వెళ్ళింది. పదిహేను రోజుల్లో ఆమెకి సముద్రం ఒడ్డున, బస్సు కూడా సరిగ్గా పోని ఒక ఊరికి బదిలీ అయింది.

ఆమె వెళ్ళే రోజు నేను బడి ఎగ్గొట్టి బస్టాండుకి వెళ్ళాను. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపు చుట్ట పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. సాగనంపడానికి ఒక్క సారు రాలేదు. నేను ఎదురుగా నిలబడి ఏడవడం మొదలుపెట్టాను.

"ఆపు. బస్సొచ్చేస్తది, మాట్లాడాలి" అంది. "భయపడ్డావు. నాకు తెలుసు. మీ ఇల్లు ఆయన తోటలో ఉంది, నేను ముందే ఆలోచించాల్సింది. ఆ తప్పు నాది. నిన్ను అడక్కుండా స్టేజి ముందుకెళ్ళాను. అదీ నాదే."

"టీచర్..."

"నోటేం చేశావు?"

"పొయ్యిలో పెట్టానండి."

ఆమె మొహం అప్పుడు మారింది. అప్పటిదాకా కనిపించని కోపం అప్పుడు కనిపించింది. "అబద్ధం చెప్పావు, సరే. నోటు దాచేస్తే సరిపోయేదిగా? తగలబెట్టడం ఎందుకే? అది నాది కాదు, నీది. వాళ్ళు నీ దగ్గర లాక్కున్నది చాలక, మిగిలింది నువ్వే తగలేసుకున్నావా?"

బెజవాడ బస్సు వచ్చింది. కండక్టరు ట్రంకు పైకి వేశాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని కూడా నా వైపు చూడలేదు.

మా గుడిసె నిలిచింది. నాన్న ఆ తోటలోనే ఇంకో పన్నెండేళ్ళు కాపలా కాశాడు. శారద బెజవాడ వెళ్ళి చదువుకుంది. నేను పది పాసై, చర్చి వాళ్ళ సాయంతో నానా తంటాలు పడి టీచరు ట్రైనింగు అయ్యి, గంపలగూడెం దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో చేరాను. కరుణమ్మ టీచరు ఎక్కడుందో కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. నేనే కనుక్కోలేదు. రేపు చూద్దాం, ఎండాకాలం సెలవుల్లో చూద్దాం అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపేశాను. పిరికితనం ఒక్క రోజుతో పోయేది కాదు. ఒకసారి ఇంట్లోకి రానిస్తే పీట వేసుకుని కూర్చుంటుంది.

ఆమె రిటైరై రెడ్డిగూడెంలో చెల్లెలి ఇంట్లో ఉంటోందని తెలిశాక, ఇక తప్పించుకునే దారి లేక వెళ్ళాను. వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని మామిడికాయలు తరుగుతోంది. జుట్టు తెల్లబడింది, గొంతు ఇంకా బొంగురుపోయింది. నన్ను చూడగానే "సువార్తా" అంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "నన్ను క్షమించండి టీచర్" అన్నాను. ఇరవై ఏళ్ళుగా దాచుకున్న మాట.

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. "క్షమించను" అంది.

నేను తలెత్తి చూశాను.

"క్షమిస్తే ఏం చేస్తావు? కళ్ళు తుడుచుకుని, బస్సెక్కి, ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటావు. అయిపోయింది అనుకుంటావు. అయిపోలేదే. ఆ హెడ్మాస్టరుకి ప్రమోషనొచ్చింది. ఆ ప్రెసిడెంటు పేరు స్కూలు గది మీద రాశారు. అక్కడ రఫ్ మనిషి అని రాసిన కాగితం నా ఫైల్లో నేను రిటైరయ్యేదాకా నా వెనకే వచ్చింది. నాకు కోపం తగ్గలేదు. నీకెందుకు తగ్గాలి? ఉంచుకో. నీ బళ్ళో పిల్లలకి పనికొస్తది."

తరవాత లేచి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. మామిడికాయ పప్పు వడ్డించింది. ఆ తరవాత నెలకోసారి వెళ్ళేదాన్ని, ఆమె పోయేదాకా. ఎన్నో మాట్లాడుకున్నాం, ఎన్నిసార్లో పోట్లాడుకున్నాం. క్షమించాను అన్న మాట మాత్రం ఆమె ఎప్పుడూ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆమె పోయినప్పుడు రెడ్డిగూడెం చర్చిలో ప్రార్థన కూడిక పెట్టారు. ఒకప్పుడు మా స్కూల్లో పనిచేసిన సైన్సు సారు వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని లేచి నాలుగు మాటలు చెప్పాడు. "కరుణమ్మగారు చూడ్డానికి కొంచెం రఫ్ మనిషి. కానీ మనసు వెన్న" అన్నాడు. జనం తలలూపారు. 'పోనీలే, పెద్దాయన మంచిమాటే చెప్పాడు' అన్నట్టు ఊపారు. నాకు ఆ 'కానీ' దగ్గర రక్తం తలకెక్కింది. ఏంటా కానీ? నలభై ఏళ్ళ కిందట ఆమె వెనక ఆ మాట తగిలించి పంపినవాళ్ళు, పెట్టెలో పడుకోబెట్టాక దాన్ని ఒక 'కానీ'తో తుడిచేస్తారా? వెన్న మనసు ఎవరికి కావాలి? ఆమెది వెన్న మనసు కాదు. వెన్న అయితే ఆ రోజు స్టేజి ముందుకి నడిచేది కాదు.

లేచి నిలబడ్డాను. "ఆ వ్యాసం నాది" అన్నాను. చాలామందికి ఏ వ్యాసమో తెలియదు. మొదటి నుంచీ చెప్పాను. పోటీ, శారద దస్తూరి, స్టేజి, ఉంగరాల చెయ్యి, ఆఫీసరు. "విచారణలో అబద్ధం చెప్పింది నేను. నోటు తగలబెట్టింది నేను. ఆమె గురించి కాగితంలో రాసిన మాట అబద్ధం. ఆ అబద్ధానికి సాక్ష్యం నేను" అన్నాను. పాస్టరుగారు ఇబ్బందిగా గడియారం చూసుకున్నాడు. వెనక బెంచీలో ఎవరో ఆడమనిషి ఏడ్చింది. నేను ఏడవలేదు.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే సైన్సు సారు కర్ర ఊతగా వేసుకుంటూ నా పక్కకి వచ్చాడు. ఏడాదిలో సగం నన్ను వరండాలో నిలబెట్టిన మనిషి. నన్ను గుర్తుపట్టలేదు. దయగానే మాట్లాడాడు.

"ఎప్పటి సంగతులో ఇవన్నీ. వాళ్ళూ లేరు, ఆవిడా పోయింది. ఇప్పుడెవరికి కావాలమ్మా?"

"నాకు కావాలండీ" అన్నాను.